గాలి బెజ్జం

అండర్ బ్రిడ్జి కింది నుంచి
మేకపిల్లను సంకల వెట్టుకున్నట్టు
సైడ్ డ్రమ్ము పట్టుకొని వచ్చిండు ఉప్పలయ్య.
"నాది కుక్కర్ల దుకాణం మామా" అన్న.
"ఎరుకే. మూత బిగించుడే గదా నీ పని.
దీనికి రెండు మూతలు. గంతే తేడా."

డీజే డబ్బాలకు ఠాణాల తాళమేసిండ్రట.
శివనగర్ పెండ్లోళ్లు పరేషానై
ఐదేండ్లకు బ్యాండోళ్లను యాది చేసుకున్నరట.
బేస్తారం బారాత్.
ఇయ్యాల సోమారం.

ఇత్తడి ఒళ్లు నల్లగైంది.
అంచు కమ్మి నిండ తుప్పు, పెసరగింజలు అతికినట్టు.
పది బోల్టులల్ల మూడు దానివి కావు,
ఒకటి లూనా బండిది, రెండు ఏ కుర్చీవో.
అడుగున ఇరవై తీగలుండాలె, పదకొండున్నయ్.
తీగలను ఎక్కించి దించే మీట
ఎటూ గాకుంట నడిమిట్ల బిగుసుకపోయింది.

"పెండ్లికైతే మీదికి" అన్నడు,
"తీగ తోలుకు తగిలి గలగల నవ్వాలె.
శవం లేస్తే కిందికి. అప్పుడు వట్టి గుండె సప్పుడు.
కరోనల ఆఖరుసారి ఎటు తిప్పిన్నో యాదికి లేదు.
మధ్యల ఇడిసిపెట్టినట్టున్న."

మీటకు కిరసనాయిల్ పోసి పండవెట్టిన.
ఒంటికి చింతపండు, ఉప్పు, ఇటుకపొడి:
మా అమ్మ బిందెలు తోమిన మందే.
బొటనవేలు కింద రూపాయంత మెరుపు పుట్టి
అరచేయంతైంది,
ఆఖరికి నా మూతే నాకు వంకరగ కనవడ్డది.

మీది తోలు ఊడదీస్తుంటే
లోపల ఏదో సర్రున జారింది.
పేపరు మీద బోర్లిస్తే
పసుపంటిన బియ్యం.
పేలాలు.
చమ్కీలు, గడ్డగట్టిన గులాలు,
ఎండిన చీమలు రెండు.

పక్కకు బఠాణీ గింజంత గాలి బెజ్జం ఉన్నదని
అప్పటిదాక సూడనే లేదు.
దెబ్బ దెబ్బకు గాలి బయటికి పోయే తొవ్వల
ముప్పై ఏండ్లు ఊరు లోపలికి వచ్చింది.
పెండ్లిపిల్లల నెత్తి మీదికి ఇసిరినయ్ కొన్ని,
పాడె మీదికెళ్లి సల్లినయ్ కొన్ని.
ఒక్క చీకట్ల పక్కపక్కన పండుకున్నయ్,
పుల్ల తాకినప్పుడల్ల కలిసే ఎగిరినయ్.

పారెయ్య బుద్ధి కాలే.
ఉంచుకునే హక్కూ నాకు లేదు.
బియ్యం ఒక దిక్కు, పేలాలు ఒక దిక్కు ఏరి
విజిల్ల డబ్బాల కాయితం అడ్డంవెట్టి పోసిన.

తోలు మండిబజార్ల దొరికింది. ప్లాస్టిక్‌ది,
నాలుగు వందల ఎనభై, బేరం లేదన్నడు.
తక్కువైన తొమ్మిది తీగలకు
సైకిల్ బ్రేకు వైరు పురి విప్పి పేనిన.
మీట మంగళారం సందేల టక్కుమన్నది.
మీదికి. కిందికి. మళ్ల మీదికి.
చిన్న పోరని లెక్క పదిసార్లు తిప్పిన.

బుధారం వచ్చి రెండు పుల్లలు తీసిండు ఉప్పలయ్య.
ఒక్క దరువుకు
బేరమాడుతున్న ఆటోలాయన మాట మింగిండు.
అయినంక డ్రమ్మును చెవికి ఆనించి ఊపిండు.
"మోగుతున్నది పిలగా.
గని ఆపినంక ఏం ఇనవడ్తలేదు."

డబ్బ మూత తీసి సూపించిన.
ఏలు పెట్టలేదు. శానసేపు సూసిండు.
నడుమ కాయితం సూసి మాత్రం నవ్విండు:
"గివ్వటిని ఎందుకు ఏరుపర్సినవ్?"

పది బోల్టులు మళ్ల ఇప్పిన.
చీమలను కూడ ఇడిసిపెట్టనియ్యలే.

బేస్తారం రాత్రి
రైలుకట్ట అవతల బారాత్ లేసింది.
షట్టరు సగం దించి నిలవడి ఇన్న.
తీగ నవ్వుడు తెలుస్తున్నది,
గింజల సప్పుడు ఇంత దూరం రాదు.
ఈపాటికి
కొత్త బియ్యపు గింజ ఒకటి
ఆ బెజ్జంల పడే ఉంటది.